హత్యా విచారణలో నేరాంగీకారం: చట్టం దృష్టిలో, షరీఅత్ దృష్టిలో

హత్య జరిగిన నాలుగైదు రోజులకు పత్రికల్లో ఒక వార్త తరచుగా కనబడుతుంది. ముఖానికి ముసుగు తొడిగిన మనిషిని ఇద్దరు పోలీసుల మధ్య నిలబెట్టి తీసిన ఫోటో, దాని కింద 'నిందితుడు నేరం ఒప్పుకున్నాడు' అనే మాట. చదివినవారు కేసు తేలిపోయిందనే అనుకుంటారు. హోటల్లో, బస్టాండులో, నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతూ కూడా ఎవరికి తోచిన తీర్పు వారు చెప్పేస్తారు. కాని విచిత్రమేమంటే, ఆ వార్తలోని ఒప్పుకోలు కోర్టు గడప దాటి లోపలికి రాలేదు. పోలీసు అధికారితో ముద్దాయి చెప్పిన ఒప్పుకోలును అతనికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని ఈ దేశపు చట్టం నూట అరవై ఏళ్ళుగా చెబుతున్నది.

ఇక్కడ సహజంగానే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. చంపినవాడే చంపానని చెబుతుంటే వినకపోవడం ఏమి న్యాయం? హతుని తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు ఇది అన్యాయం కాదా? ఈ ప్రశ్నకు దేశ చట్టం ఏమి సమాధానం చెబుతున్నది, ఇస్లామీయ ధర్మశాస్త్రం ఏమి చెబుతున్నది, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నది పరిశీలించదగ్గ విషయం.

కేసు నడిచే దారి

జహీరాబాదు పట్టణంలో ఒక హత్య జరిగిందనుకుంటే, కేసు మొదట స్థానిక పోలీసు స్టేషనులో నమోదవుతుంది. పట్టుబడిన వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. హత్యా నేరాన్ని విచారించి శిక్ష విధించే అధికారం మాత్రం సెషన్సు కోర్టుది. జిల్లా సెషన్సు కోర్టు సంగారెడ్డిలో ఉన్నది. ముద్దాయి నోటి మాట ఈ మూడు చోట్లా మూడు విధాలుగా తూగుతుంది. పోలీసు స్టేషనులో చెప్పిన ఒప్పుకోలుకు విలువ లేదు. మేజిస్ట్రేటు ఎదుట పద్ధతి ప్రకారం చెప్పినదానికి విలువ ఉన్నది, కాని దానిని పరీక్షించి తీసుకోవాలి. సెషన్సు కోర్టులో న్యాయమూర్తి ఎదుట చెప్పినదాన్ని సైతం మిగిలిన సాక్ష్యంతో సరిచూస్తారు.

నిజాం కాలంలో జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. హైదరాబాదు రాజ్యానికి అప్పట్లో తన చట్టాలు తనకు ఉండేవి. 1872 నాటి భారత సాక్ష్య చట్టం ఈ ప్రాంతానికి 1951 ఏప్రిల్ 1 నుండి వర్తించింది. 1956లో జహీరాబాదు మెదక్ జిల్లాలో చేరింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2024 జూలై 1 నుండి పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి. పాత 24వ సెక్షన్ సారం ఇప్పుడు 22లో ఉన్నది. 25, 26, 27 సెక్షన్లు మూడూ కలిసి 23 అయినాయి. 30వ సెక్షన్ 24 అయినది. మూల సూత్రం మాత్రం మారలేదు.

ఒప్పుకోలు అంటే ఏమిటి?

దీనికి నిర్వచనం చెప్పిన ప్రసిద్ధ తీర్పు ఒక తెలుగువారి కేసులోనే వచ్చింది. పిఠాపురం దివాను కొలువులో బంట్రోతుగా పనిచేసిన నూకరాజు అనే వ్యక్తి నుండి ఆ దివాను అల్లుడైన పాకాల నారాయణస్వామి భార్య 1936లో మూడు వేల రూపాయలు అప్పు తీసుకున్నది. 1937 మార్చిలో, బాకీ సొమ్ము తీసుకొనడానికి రమ్మని ఉత్తరం వచ్చిందని భార్యకు చెప్పి, నూకరాజు బరంపురానికి బయలుదేరాడు. మళ్ళీ ఇల్లు చేరలేదు. మార్చి 23న పూరీ రైల్వే స్టేషనులో, మూడవ తరగతి పెట్టెలో ఎవరూ దిగదీయని ఇనుప ట్రంకులో అతని శవం ఏడు ముక్కలై దొరికింది.

అరెస్టుకు ముందు నారాయణస్వామి పోలీసులకు ఒక వాఙ్మూలం ఇచ్చాడు. నూకరాజు తన ఇంటికి వచ్చిన మాట, రాత్రి అక్కడే పడుకున్న మాట నిజమేనని, మరునాటి సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడని దాని సారాంశం. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళింది. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెబుతూ రెండు విషయాలు తేల్చాడు. ఒకటి, నేరం చేశానని నేరుగా చెప్పడమో, నేరానికి ఆధారమైన దాదాపు అన్ని సంగతులనూ అంగీకరించడమో ఉంటేనే అది ఒప్పుకోలు. అనుమానానికి తావిచ్చే ఏదో ఒక సంగతిని ఒప్పుకున్నంత మాత్రాన అది నేరాంగీకారం కాదు. రెండు, దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాఙ్మూలం, ఇచ్చినవాడు ఆ తర్వాత ముద్దాయి అయినా సరే, అతనికి వ్యతిరేకంగా పనికిరాదు.

అయితే గమనించదగ్గ విషయం ఒకటున్నది. వాఙ్మూలాన్ని పక్కన పెట్టినంత మాత్రాన ముద్దాయి బయటపడలేదు. అప్పు కాగితాలు, ట్రంకు కొనుగోలు, దానిని స్టేషనుకు చేర్చిన తీరు మొదలైన ఇతర సాక్ష్యాల బలంతోనే శిక్ష ఖాయమైంది. ఒప్పుకోలు లేకపోతే హంతకులందరూ తప్పించుకుంటారనే వాదానికి ఈ కేసే సమాధానం.

పోలీసుల ఎదుట ఒప్పుకోలు ఎందుకు చెల్లదు?

దీని వెనుక చేదు చరిత్ర ఉన్నది. తెలుగు జిల్లాలు అనేకం కలిసి ఉన్న మద్రాసు రాజధానిలో పన్నుల వసూలుకూ, నేరాలు ఒప్పించడానికీ కింది ఉద్యోగులు చేస్తున్న చిత్రహింసలను విచారించడానికి ఒక సంఘం ఏర్పడి 1855లో నివేదిక ఇచ్చింది. చెక్కల మధ్య వేళ్ళు పెట్టి నొక్కడం, మనిషిని వంచి కట్టి ఎండలో నిలబెట్టడం వంటి బాధలు అందులో నమోదయ్యాయి. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు చట్టంలో పోలీసుల ఎదుటి ఒప్పుకోలుపై నిషేధం వచ్చింది. 1872లో అది సాక్ష్య చట్టంలో చేరింది.

ఈ నిషేధం ఎంత గట్టిదో 1965లో సుప్రీంకోర్టు అఘ్నూ నగేసియా కేసులో చూపించింది. బీహారులో ఒక వ్యక్తి నలుగురు బంధువులను చంపానని తానే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు రాయించాడు. అతన్ని ఎవరూ కొట్టి తీసుకురాలేదు. అయినా ఆ ఫిర్యాదు పోలీసు అధికారితో చెప్పిన ఒప్పుకోలే కనుక, అందులో ఒక ముక్కను తీసి మరో ముక్కను ఉంచడానికి వీల్లేదని, హత్యకు పూర్వాపరాలు చెప్పిన భాగం కూడా పనికిరాదని కోర్టు తీర్పు చెప్పింది. మిగిలిన సాక్ష్యం చాలనందున అతన్ని విడుదల చేసింది. వినడానికి కఠినంగా తోచినా, 'ఇతన్ని కొట్టారా, లేదా' అని ప్రతి కేసులోనూ లాకప్పు గోడలను అడగడం సాధ్యం కాదు గనుక చట్టం తలుపునే మూసివేసింది.

ఈ తలుపును కొన్ని ప్రత్యేక చట్టాలు మధ్యలో తెరిచాయి. 1987 నాటి టాడా చట్టం, 2002 నాటి పోటా చట్టం ఎస్పీ స్థాయి పోలీసు అధికారి నమోదు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా అనుమతించాయి. టాడా 1995లో గడువు తీరిపోయింది. పోటా 2004లో రద్దయింది. ఆ చట్టాల కింద జైళ్ళలో మగ్గినవారి కథలు ముస్లిం సమాజానికి కొత్తవి కావు.

వస్తువు దొరికితే?

ఈ నిషేధానికి ఒక మినహాయింపు ఉన్నది. కస్టడీలోని ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా విషయం బయటపడితే, ఆ విషయానికి స్పష్టంగా సంబంధించిన మాటల వరకే రుజువు చేయవచ్చు. పాత చట్టంలో ఇది సుప్రసిద్ధమైన 27వ సెక్షన్. దీని హద్దులు గీసిన కేసు కూడా తెలుగు నేలదే.

గుంటూరు సెషన్సు కోర్టులో నడిచిన పులుకూరి కోటయ్య కేసులో రెండు కక్షల మధ్య జరిగిన కొట్లాటలో హత్యలు జరిగాయి. ఒక ముద్దాయి పోలీసులతో, తన పక్షం వారు చెరువు వద్ద కాపుకాసి ఇద్దరిని కొట్టి చంపిన సంగతి, ఎవరి ప్రోద్బలంతో చంపారన్న సంగతి, ఒక బల్లెమునూ తన కర్రనూ ఊళ్ళోని ఒక వామిలో దాచిన సంగతి, వస్తే చూపిస్తానన్న సంగతి అన్నీ కలిపి చెప్పాడు. కింది కోర్టులు ఈ మొత్తాన్నీ సాక్ష్యంగా తీసుకున్నాయి. 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిలు తరఫున సర్ జాన్ బోమాంట్ తీర్పు చెబుతూ, వామిలో దాచాను, చూపిస్తాను అన్న ముక్క ఒక్కటే చెల్లుతుందని, చంపామన్న మాట చెల్లదని నిర్ణయించాడు. ఆ ఒప్పుకోళ్ళను తీసివేస్తే మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపారు.

ఈ తీర్పులోని తర్కం తేలికగానే అర్థమవుతుంది. ఇంటి కప్పులో కత్తి దాచానని ఒకడు చెప్పి చూపిస్తే, అక్కడ కత్తి ఉన్నదనీ, ఆ సంగతి అతనికి తెలుసుననీ రుజువవుతుంది. ఆ కత్తితో ఫలానావాణ్ణి పొడిచానన్న మాటను కత్తి దొరకడం రుజువు చేయదు. దానిని వేరే సాక్ష్యంతో నిరూపించాలి. కత్తి పోలీసులే తెచ్చి పెట్టలేదన్న నమ్మకం ఉంటేనే ఈ మినహాయింపుకు అర్థం.

ఇక్కడే సామాన్య పౌరుని బాధ్యత ప్రవేశిస్తుంది. వస్తువు దొరికినప్పుడు రాసే పంచనామాపై పంచులు సంతకం చేస్తారు. వీరు అదే ఊరి కిరాణా వ్యాపారి, టీ కొట్టు యజమాని, మసీదు కమిటీ పెద్ద కావచ్చు. కంటితో చూడని దానిపై, సారు చెప్పాడు కదా అని సంతకం పెట్టే అలవాటు చాలా చోట్ల ఉన్నది. ఆ సంతకం ఒక మనిషి మెడకు ఉరితాడు కావచ్చు. అలాగే నిజమైన హంతకుడు తప్పించుకోవడానికి కారణమూ కావచ్చు. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఘోర పాపాల సరసన చేర్చి హెచ్చరించిన సంగతి ప్రతి ముస్లిమూ గుర్తుంచుకోవాలి.

మేజిస్ట్రేటు ఎదుట

ముద్దాయి నిజంగా పశ్చాత్తాపంతో ఒప్పుకోదలిస్తే అతనికి దారి లేకపోలేదు. పాత ప్రొసీజరు కోడులో 164, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 183వ సెక్షన్ ఆ దారిని చూపుతాయి. మేజిస్ట్రేటు మొదట, ఒప్పుకొనవలసిన నిర్బంధం నీకు లేదని, ఒప్పుకుంటే అది నీకు వ్యతిరేకంగా వాడబడుతుందని ముద్దాయికి విడమరచి చెప్పాలి. పోలీసులను గదిలో ఉండనివ్వరాదు. ఎవరైనా కొట్టారా, ఆశ పెట్టారా అని అడగాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వడం ఆచారం. అతను ఒప్పుకోవడం ఇష్టం లేదంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదు. చివరకు ఇది స్వచ్ఛందంగా ఇచ్చినదని తాను నమ్ముతున్నట్లు మేజిస్ట్రేటు స్వయంగా కింద రాయాలి.

ఈ పద్ధతిలో ఏది తప్పినా ఒప్పుకోలు నిలవదు. 1936లో లాహోరు నుండి వెళ్ళిన నజీర్ అహ్మద్ కేసులో మేజిస్ట్రేటు ఒప్పుకోలును విధి ప్రకారం రాయకుండా, కోర్టులో నోటి మాటగా చెప్పాడు. ప్రీవీ కౌన్సిలు దానిని తిరస్కరించి శిక్షను రద్దు చేసింది. ఒక పనిని ఒక పద్ధతిలో చేయమని చట్టం చెప్పినప్పుడు ఆ పద్ధతిలోనే చేయాలి, లేదా అసలు చేయరాదు అన్నది ఆ తీర్పు సారం.

పద్ధతి ప్రకారం ఇచ్చిన ఒప్పుకోలును కూడా ముద్దాయి తర్వాత వెనక్కు తీసుకుంటే, ఇతర సాక్ష్యపు బలం లేకుండా దానిపై శిక్ష వేయడం క్షేమం కాదని కోర్టులు భావిస్తాయి. ఒక ముద్దాయి తనతోపాటు ఇతరులను ఇరికిస్తూ చెప్పిన మాటకు ఇంకా తక్కువ విలువ. ముందుగా ఇతర సాక్ష్యాన్ని తూచాలని, అది దాదాపు చాలినప్పుడు మాత్రమే ఈ మాటను ఊతంగా తీసుకోవాలని 1952లో కాశ్మీరా సింగ్ హత్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

షరీఅత్‌లో ఇఖ్రార్

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒప్పుకోలును 'ఇఖ్రార్' అంటారు. తమకు వ్యతిరేకంగానైనా సరే సత్యసాక్ష్యం పలకాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 135వ ఆయత్‌లో విశ్వాసులను ఆదేశిస్తున్నది. కాబట్టి ఇఖ్రార్ బలమైన రుజువు. మదీనాలో ఒక బాలిక తలను రాళ్ళ మధ్య నలగ్గొట్టిన సంఘటనను హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. చావుబతుకుల్లో ఉన్న ఆ బాలిక ముందు పేర్లు చెబుతూ పోగా, ఒక పేరు వద్ద ఆమె తల ఊపింది. ఆ వ్యక్తిని పట్టి తెచ్చారు. అతడు ఒప్పుకున్న తర్వాతనే ఖిసాస్ అమలైంది. మరణించబోయే బాలిక సైగ ఆ మనిషిని పట్టుకొనడానికి చాలింది గాని, శిక్షించడానికి చాలలేదని ధర్మవేత్తలు దీనినుండి గ్రహించారు.

ఇంత బలమైన రుజువు కనుకనే దానికి షరతులు కూడా గట్టివి. ఒప్పుకునేవాడు యుక్తవయస్కుడై, మతిస్థిమితం కలిగి, స్వేచ్ఛగా ఉండాలి. మాయిజ్ అనే సహాబీ తన పాపాన్ని తానే వచ్చి చెప్పుకున్నప్పుడు దైవప్రవక్త (సల్లం) నాలుగుసార్లు ముఖం తిప్పుకున్నారు. ఇతనికి మతి చలించలేదు కదా అని విచారించారు. తనంతట తాను వచ్చినవాని విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, లాకప్పులో నుండి వచ్చిన మాట విషయంలో ఎంత ఉండాలి?

నిర్బంధంలో చెప్పిన ఇఖ్రార్ చెల్లదని హనఫీ గ్రంథాలు 'ఇక్రాహ్' ప్రకరణంలో విపులంగా చర్చించాయి. ఆకలికి, భయానికి, బంధనానికి గురిచేసినప్పుడు మనిషి తన మాటపై తానే అధికారం కోల్పోతాడని హజ్రత్ ఉమర్ (రజి) భావించినట్లు ఉల్లేఖనాలున్నాయి. ఖైదు, సంకెళ్ళు, బెదిరింపు మూడూ నిర్బంధమేనని ఖాజీ షురైహ్ అన్నట్లు చెబుతారు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఇమాం అబూ యూసుఫ్ అనుమానంపై మనుషులను కొట్టడాన్ని ఖండించారు. అధినియమంలోని 22వ సెక్షన్ ప్రలోభం, బెదిరింపు, నిర్బంధం, వాగ్దానం అన్న నాలుగు మాటల్లో చెప్పినది ఇదే.

హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) ఉదంతం మరింత స్పష్టమైనది. కొందరి సామాను దొంగిలించబడింది. వారు కొందరు నేతగాళ్ళపై అనుమానం చెప్పారు. నుమాన్ వారిని కొద్దిరోజులు నిర్బంధించి వదిలేశారు. కొట్టకుండా వదిలేశారేమని ఫిర్యాదీలు అడిగారు. కొడతాను, సామాను దొరికితే సరే, దొరకకపోతే అన్ని దెబ్బలూ మీ వీపుల మీద పడతాయి, ఇది అల్లాహ్ తీర్పు, ఆయన ప్రవక్త తీర్పు అన్న భావంతో ఆయన సమాధానమిచ్చారు. ఇది అబూ దావూద్‌లోని హదీసు. పోలీసు స్టేషను ముందు గుమిగూడి, నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడని అరిచేవారు ఈ హదీసును ఒకసారి తలచుకోవాలి.

కొట్టకపోయినా మనిషి అబద్ధపు ఒప్పుకోలు ఇవ్వవచ్చు. అల్లామా ఇబ్ను ఖయ్యిం తన 'అత్తురుఖుల్ హుక్మియ్యా'లో హజ్రత్ అలీ (రజి) కాలపు ఒక హత్య కేసును ప్రస్తావించారు. పాడుపడిన చోట శవం పక్కన నెత్తుటి కత్తితో ఒకడు దొరికాడు. నేనే చంపాను అన్నాడు. శిక్షకు తీసుకుపోతుండగా మరొకడు పరుగెత్తి వచ్చి, చంపినవాణ్ణి నేను అన్నాడు. మొదటివాడు కసాయి. పశువును కోసి, మూత్ర విసర్జనకు ఆ చోటికి వెళ్ళి శవాన్ని చూశాడు. ఆ స్థితిలో తన మాట ఎవరు నమ్ముతారని నిరాశతో నేరం నెత్తిన వేసుకున్నాడు. కళ్ళముందు కత్తి, నెత్తురు, ఒప్పుకోలు మూడూ ఉన్నా అతను నిర్దోషి.

తేడాలు కూడా ఉన్నవి. అల్లాహ్ హక్కులకు సంబంధించిన హుదూద్ శిక్షల్లో ముద్దాయి తన ఒప్పుకోలును వెనక్కు తీసుకుంటే శిక్ష ఆగిపోతుంది. హత్య మానవుల హక్కు. ఖిసాస్‌లో స్వేచ్ఛగా ఇచ్చిన ఇఖ్రార్‌ను వెనక్కు తీసుకున్నా అంగీకరించరు. అంటే ఈ విషయంలో భారతీయ కోర్టులు పాటించే జాగ్రత్త ఎక్కువ. ఇఖ్రార్ 'హుజ్జతె ఖాసిరా', అనగా చెప్పినవానికే పరిమితమైన రుజువు. అది ఇతరులను బంధించదు. ఇక్కడ షరీఅత్ హద్దు ఎక్కువ గట్టిది. తరువాతి కాలపు ధర్మవేత్తల్లో కొందరు, చెడు పేరు పొందిన అనుమానితులపై పాలకుడు ఒత్తిడి తేవచ్చునన్న మాట కూడా నిజమే. అయినా అల్ మావర్దీ, దెబ్బల కింద చెప్పిన ఒప్పుకోలు చెల్లదని, దెబ్బలు ఆపిన తర్వాత తిరిగి చెప్పిస్తేనే లెక్కలోకి వస్తుందని షరతు పెట్టారు. దెబ్బలు ఆగినంత మాత్రాన భయం ఆగుతుందా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

మక్కా మసీదు కేసు చెప్పే పాఠం

సూత్రాన్ని ఒప్పుకోవడం సులభం. అది తన గుండెకు తగిలినప్పుడు నిలబడడమే కష్టం. 2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. దరిమిలా నగరంలో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టారని వారు మొరపెట్టుకున్నారు. రాష్ట్ర మైనారిటీ కమిషను తరఫున జరిగిన విచారణ ఆ ఆరోపణలను నమోదు చేసింది. చివరకు కోర్టులు ఆ యువకులను నిర్దోషులుగా విడిచిపెట్టాయి. ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది.

ఆ తర్వాత దర్యాప్తు మరో దిశకు మళ్ళింది. 2010 నవంబరులో అరెస్టయిన స్వామి అసీమానంద్ డిసెంబరులో ఢిల్లీలో మేజిస్ట్రేటు ఎదుట ఒప్పుకోలు ఇచ్చాడు. చంచల్‌గూడ జైలులో తనకు సపర్యలు చేసిన, అదే కేసు సందర్భంగా జైలు పాలైన ఒక ముస్లిం యువకుని మంచితనం చూసి మనసు మారిందని ఆ వాఙ్మూలంలో ఉన్నట్లు పత్రికలు రాశాయి. దానిని చదివి కళ్ళు చెమర్చినవారెందరో. కాని తర్వాత అతడు ఒత్తిడి వల్ల చెప్పానంటూ ఆ మాటను వెనక్కు తీసుకున్నాడు. అనేకమంది సాక్షులు కోర్టులో ఎదురు తిరిగారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆ ఒప్పుకోలును స్వచ్ఛందమైనదిగా అంగీకరించక, విచారణను ఎదుర్కొన్న ఐదుగురినీ విడుదల చేసింది.

ఆ రోజు హతుల కుటుంబాలు పడిన వేదన మాటలకు అందనిది. మేజిస్ట్రేటు ముందు చెప్పిన మాటకే విలువ లేకపోతే ఇక న్యాయం ఎక్కడ అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నలో బాధ ఉన్నది. అయితే తప్పు ఎక్కడ జరిగిందో వేరు చేసి చూడాలి. ఆ తీర్పులోని మంచిచెడులపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని వెనక్కు తీసుకున్న ఒప్పుకోలును అనుమానంతో చూడాలన్న సూత్రం తప్పు కాదు. ఒప్పుకోలునే పునాదిగా చేసుకొని కేసు కట్టినప్పుడు, ఆ ఒక్క రాయి కదిలితే కట్టడమంతా కూలుతుంది. పిఠాపురం నూకరాజు కేసులో కాగితాలు, ట్రంకు, సాక్షులు నిలబడ్డారు గనుక వాఙ్మూలం పోయినా న్యాయం నిలిచింది. మక్కా మసీదు కేసులో అలా నిలబడే సాక్ష్యం కోర్టు ముందు మిగలలేదు. కాబట్టి పటిష్ఠమైన దర్యాప్తు కోసం, సాక్షులకు రక్షణ కోసం అడగడం న్యాయం. ఒప్పుకోలు నిబంధనను సడలించమని అడగడం తన మెడకే ఉచ్చు బిగించుకోవడం. మలీదశలో ఒక అసీమానంద్ కోసం సడలించిన నిబంధనే తొలిదశలో ఆ ముస్లిం యువకులను శిక్షకు గురిచేసి ఉండేది.

ఒక జాతిపట్ల గల ద్వేషం న్యాయం తప్పడానికి కారణం కారాదని మాయిదా సూరా 8వ ఆయత్ హెచ్చరిస్తున్నది. తనవారి లాకప్పు ఒప్పుకోలును అబద్ధమని, ఎదుటివారి ఒప్పుకోలును సత్యమని నమ్మడం ఆ ఆయత్ ముందు నిలవదు.

తెలుసుకొని ఉండవలసినవి

ఎవరైనా అరెస్టయినప్పుడు కుటుంబం వారు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం, న్యాయవాదిని సంప్రదించే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలన్న నియమం 22వ అధికరణం చెబుతున్నాయి. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాఙ్మూలంపై సంతకం పెట్టనవసరం లేదు. తెల్ల కాగితంపై సంతకం ఎన్నడూ పెట్టరాదు. దెబ్బలు తగిలి ఉంటే మేజిస్ట్రేటు ముందు నిలబడిన మొదటి క్షణంలోనే చెప్పి, వైద్య పరీక్ష కోరాలి. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి 1987 నాటి చట్టం కింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది దొరుకుతారు.

హతుని పక్షం వారికి కూడా ఇది తెలియడం అవసరం. ఒప్పించారు కదా అని నిశ్చింతగా కూర్చుంటే, రెండు మూడేళ్ళ తర్వాత సెషన్సు కోర్టులో ఆ ఒప్పుకోలు కాగితం పక్కకు పోయినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. చూసినవారు ధైర్యంగా సాక్ష్యం చెప్పడం, ఉత్తరాలు, ఫోను వివరాలు, వస్తువులు పదిలంగా దర్యాప్తు అధికారికి అందజేయడం, పంచనామా కళ్ళముందే జరిగిందో లేదో చూసుకోవడం హతునికి నిజంగా న్యాయం చేకూర్చే పనులు. సాక్ష్యాన్ని దాచడం పాపమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో చెప్పిన మాట ఇటువంటి సందర్భాలకే.

హతుని నెత్తురు విలువైనదే, ముద్దాయి ప్రాణమూ విలువైనదే. బలవంతపు ఒప్పుకోలు ఈ రెండింటికీ ద్రోహం చేస్తుంది: నిర్దోషిని శిక్షిస్తుంది, హంతకుణ్ణి స్వేచ్ఛగా తిరగనిస్తుంది. ఇక పత్రికలో 'నేరం ఒప్పుకున్నాడు' అన్న వార్త కనిపించినప్పుడు, ఆ మాట ఎవరి ఎదుట, ఏ స్థితిలో చెప్పాడు, అది తప్ప మరేమి సాక్ష్యం ఉన్నది అన్న మూడు ప్రశ్నలు వేసుకొని, సమాధానం దొరికేదాకా తీర్పు చెప్పకుండా ఉండడం విశ్వాసి లక్షణం.